ట్రంకు పెట్టెలో పదమూడేళ్ల ఉత్తరం



హైదరాబాదులో అమీర్‌పేట దాటగానే మధురానగర్ వస్తుంది. ఇంకా పైకి పోతే యూసుఫ్‌గూడ, ఆ పైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. సినిమా వాళ్లు ఉండే చోటు. అక్కడి గేట్ల దగ్గర, అపార్ట్‌మెంట్ల మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చునే కాపలావాళ్లను చూశారు కదా. వాళ్లలో కొందరు పాత సైనికులు. సైన్యంలో చిన్న వయసులోనే పదవీ విరమణ ఉంటుంది. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అప్పటికి ఇంకా కావు. అందుకని మళ్లీ ఒక ఉద్యోగం వెతుక్కుంటారు.

మధురానగర్‌లో అలాంటి ఒక కుటుంబం ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆయన ఫిరంగి దళంలో, అంటే ఆర్టిలరీలో, 17 ఏళ్లు పనిచేశాడు. 1993లో చేరాడు, 2010లో ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్‌లో రాత్రి కాపలా. భార్య రెండు ఇళ్లలో వంట చేస్తుంది. మొన్నమొన్ననే సాయంత్రం బడిలో చదవడం నేర్చుకుంది. మనం ఆమెను అక్క అనే పిలుచుకుందాం.

ఆయనకు ఎడమ చెవి వినబడదు. కారు ఆ పక్క నుంచి వచ్చి హారన్ కొడితే గేటు తీయడు. ఒకరోజు రాత్రి ఒక ఇంటాయన దిగి వచ్చి నానా మాటలు అన్నాడు. "నిద్రపోతున్నావా? రేపటి నుంచి రాకు" అన్నాడు. మర్నాడు పొద్దున అక్క వెళ్లి బతిమాలితే ఉద్యోగం నిలబడింది. కానీ ఎన్నాళ్లు?

ఆ రోజే అక్క ఆయన నల్ల ట్రంకు పెట్టె తెరిచింది. పైన తెల్ల రంగుతో ఆయన సైన్యం నంబరు రాసి ఉంటుంది. అలాంటి పెట్టె సైనికుడి ఇల్లంతటా ఒకటే. అందులో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలీదు. "ఏటుంటాది అందులో, పాత కాయితాలు" అనేవాడు ఆయన.

పాత కాగితాలే. కానీ అక్క ఇప్పుడు అంకెలు చదవగలదు. ఒక ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. అందులో 2011 అని తేదీ కనబడింది. మధ్యలో 20 శాతం అని కనబడింది. చివర ఎక్కడో 6 అని కనబడింది. ఇంటర్ చదివే కూతురి చేత చదివించింది.

ఆ ఉత్తరంలో ఏముందంటే: "మీ చెవి లోపాన్ని డాక్టర్లు 20 శాతంగా లెక్క కట్టారు. కానీ అది సర్వీసు వల్ల వచ్చినది కాదు, సర్వీసు వల్ల పెరిగినదీ కాదు. అందువల్ల మీకు వైకల్య పింఛను ఇవ్వడం లేదు. మీకు ఇది సమ్మతం కాకపోతే 6 నెలల లోపల అప్పీలు చేసుకోవచ్చు."

ఆరు నెలలు ఎప్పుడో అయిపోయాయి. పదమూడేళ్లు గడిచాయి.

"ఈ ఉత్తరం వచ్చినప్పుడు చూడలేదేటండీ?" అని అక్క అడిగింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. "పోస్టుమాను ఇచ్చాడు. పింఛను కాయితం అనుకుని పెట్లో ఎట్టేసినాను" అన్నాడు.

ఈ ఇంట్లో జరిగింది చాలా ఇళ్లలో జరుగుతుంది. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అంతమంది అక్కడి నుంచి సైన్యానికి వెళ్లారు. ఉత్తరాంధ్ర ఊళ్ల నుంచీ, తెలంగాణ ఊళ్ల నుంచీ వెళ్లినవాళ్లు ఎందరో. వెళ్లినవాడు కాగితం జాగ్రత్త తెలిసినవాడైతే సరే. లేకపోతే ఆ పని ఇంట్లో ఆడవాళ్ల మీదే పడుతుంది.

వైకల్య పింఛను అంటే ఏమిటి?

సైనికుడికి సర్వీసు పింఛను ఉంటుంది. అది ఆయన పనిచేసిన ఏళ్లకు. దాని మీద ఇంకొంత, ఒంటికి జరిగిన నష్టానికి ఇస్తారు. కాలు పోవచ్చు, చూపు పోవచ్చు, నడుం విరగవచ్చు, చెవి పోవచ్చు, రక్తపోటు రావచ్చు. సినిమాలో సైనికుడికి తూటా తగులుతుంది, రక్తం కారుతుంది, వెంటనే పతకం ఇస్తారు. నిజంలో ఎక్కువ మంది సైనికుల నష్టం కంటికి కనబడదు. మోకాళ్లు, నడుం, చెవులు, బి.పి. మంచుకొండల మీద, ఎడారిలో, ఫిరంగుల పక్కన ఏళ్ల తరబడి చేసిన పని నెమ్మదిగా ఒంట్లో కూర్చుంటుంది. కంటికి కనబడని నష్టం కాగితం మీదైనా కనబడాలి కదా. అందుకే ఈ గొడవంతా.

లెక్క ఇలా ఉంటుంది. నష్టం నూటికి నూరు శాతం అయితే చివరి జీతంలో 30 శాతం వైకల్య పింఛను. నష్టం తక్కువైతే ఆ మేరకు తగ్గుతుంది. సర్వీసు పూర్తి చేసి వచ్చినవారికి కనీసం 20 శాతం నష్టం ఉంటేనే ఇస్తారు.

చివరి జీతం 10,000 రూపాయలు అనుకుందాం. నూరు శాతానికి 3,000 రూపాయలు. 20 శాతానికి 600 రూపాయలు. అయితే 2014 డిసెంబరు 10న సుప్రీంకోర్టు రామ్ అవతార్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం 50 కంటె తక్కువ శాతాన్ని 50గా, 50 నుంచి 75 మధ్య ఉన్నదాన్ని 75గా, ఆ పైనున్నదాన్ని 100గా లెక్క కట్టాలి. సర్వీసు పూర్తి చేసి వచ్చినవారికి కూడా ఇది వర్తిస్తుందని చెప్పింది. అంటే 600 కాస్తా 1,500 అవుతుంది. దాని మీద కరువు భత్యం కూడా. నెలనెలా, ఆయన బతికున్నంత కాలం.

ఒక మాట. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. ఆ రోజు, ఆ తర్వాత సర్వీసు వదిలినవారికి లెక్క వేరు. అంతకు ముందు వచ్చినవారికి పాత నియమాలే. మీ ఇంట్లో ఎవరు ఏ తేదీన వచ్చారో ముందు చూసుకోండి.

డాక్టర్ల బోర్డు ఏం చేస్తుంది?

సర్వీసు వదిలే ముందు సైనికుణ్ణి డాక్టర్ల బోర్డు పరీక్ష చేస్తుంది. దాన్ని రిలీజ్ మెడికల్ బోర్డు అంటారు. ఆ బోర్డు మూడు సంగతులు రాస్తుంది. జబ్బు ఏమిటి? ఎంత శాతం? అది సర్వీసు వల్ల వచ్చిందా, లేదా సర్వీసు వల్ల పెరిగిందా?

ఆ మూడోదే ప్రాణం. "వచ్చింది" అని రాసినా పింఛను వస్తుంది. "పెరిగింది" అని రాసినా వస్తుంది. రెండూ కాదు అని రాస్తే రాదు. రెండూ కాదు అనడానికి ఫైళ్లలో పొట్టిగా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాస్తారు. కలిపి చదివితే "నానా" అవుతుంది. మన భాషలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది కదా. ఆ నాలుగు అక్షరాలు పడ్డాక పడేవి నానా తంటాలే.

మరి ఈయనకు "నానా" అని ఎందుకు రాశారు? అక్క నిలదీస్తే అసలు సంగతి బయటికి వచ్చింది. బోర్డు ముందు డాక్టరు అడిగాడట, "చెవి ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని. ఇంటికి వెళ్లే తొందరలో ఉన్నాడు. ఎక్కువ చెబితే ఆసుపత్రిలో పెట్టేస్తారని భయం. "చిన్నప్పట్నుంచీ కాస్త తక్కువే సార్" అని నవ్వుతూ అనేశాడు. డాక్టరు అదే రాసుకున్నాడు. ఈయన కింద సంతకం పెట్టాడు.

చిన్నప్పుడు ఆయన చెవి బాగానే ఉండేది. బాగా లేకపోతే సైన్యంలో తీసుకునేవారే కాదు. చేర్చుకునే రోజు చెవి పరీక్ష చేస్తారు. మనిషిని 20 అడుగుల దూరంలో నిలబెట్టి వెనక నుంచి గుసగుసగా మాట్లాడతారు. ఒక్కో చెవికి విడివిడిగా. వినబడితేనే తీసుకుంటారు. ఆ ఫలితం కాగితం మీద రాసి ఉంటుంది. అంటే ఆయన నోటితో అన్న మాట ఒకటి, ప్రభుత్వం తన చేత్తో రాసుకున్న కాగితం ఇంకొకటి.

ఇక్కడ 2013 జులై 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి చెప్పాలి. ధరమ్‌వీర్ సింగ్ అని ఒక సిపాయి. 1985లో చేరాడు. 1994లో మూర్ఛ జబ్బు అని ఇంటికి పంపేశారు. నష్టం 20 శాతం అన్నారు. కానీ అది పుట్టుకతో వచ్చే గుణం, సర్వీసుతో సంబంధం లేదు అన్నారు. పింఛను ఇవ్వలేదు. కేసు పైకోర్టు దాకా వెళ్లింది. సుప్రీంకోర్టు ఏమన్నదంటే: చేరేటప్పుడు కాగితంలో ఆ జబ్బు రాసి లేదు. కాబట్టి మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. తర్వాత జబ్బు వస్తే అది సర్వీసు వల్లే వచ్చిందని అనుకోవాలి. కాదు అనేవాళ్లు కారణాలు రాసి చూపించాలి. రుజువు చేసే బరువు సిపాయి మీద లేదు.

అలాగని అందరూ గెలుస్తారని కాదు. డాక్టర్లు సరైన కారణం రాసిన చోట కోర్టులు వాళ్ల మాటే ఒప్పుకున్న కేసులూ ఉన్నాయి. అయినా మన చేతిలో కాగితం ఉంటే ఆ కారణం సరైనదా కాదా అని అడిగే వీలుంటుంది.

అక్క ఏం చేసింది?

ముందు పెట్టె అంతా నేల మీద పరిచింది. డిశ్చార్జి పుస్తకం ఒకవైపు. పింఛను ఆర్డరు ఒకవైపు. దాన్నే పి.పి.ఓ. అంటారు. డాక్టరు చీటీలు ఇంకోవైపు. చీటీలను తేదీల వరసలో పేర్చింది. అందులో 2003 నాటి ఒక చిన్న చీటీ దొరికింది. అరచేయంత ఉంటుంది. యూనిట్‌లో ఎం.ఐ. రూమ్ అని ఉంటుంది, చిన్న దవాఖానా లాంటిది. అక్కడ ఇచ్చినది. ఫైరింగ్ తర్వాత ఎడమ చెవిలో నొప్పి, హోరు అని రాసి ఉంది. డాక్టరు సంతకం ఉంది. ముద్ర ఉంది. అక్క ఆ చీటీని పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ చీటీతో బడిలో ఎవరో పొట్లం కట్టినా ఆశ్చర్యం లేదు. ఎలాగో మిగిలింది.

తర్వాత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లింది. ఈ కార్యాలయాలు పాత సైనికుల కోసం, వాళ్ల భార్యల కోసం ఉన్నాయి. దరఖాస్తు రాయించుకోవడానికి డబ్బు ఇవ్వనక్కరలేదు. "సగం నాకిస్తే పింఛను తెప్పిస్తా" అనేవాళ్లు బయట తిరుగుతుంటారు. వాళ్ల చేతికి అసలు కాగితాలు అసలే ఇవ్వకండి.

అక్కడ చెప్పిన మొదటి మాట: బోర్డు కాగితాల నకలు తెప్పించుకో. సైనికుడి దస్త్రం ఆయన దళానికి చెందిన రికార్డు ఆఫీసులో ఉంటుంది. ఇ.ఎం.ఇ. వాళ్లకు, ఆర్డ్‌నెన్సు వాళ్లకు మన సికింద్రాబాదులోనే ఉంది. సిగ్నల్స్ వాళ్లకు జబల్‌పూర్‌లో ఉంది. డిశ్చార్జి పుస్తకం చూస్తే మీది ఏదో తెలుస్తుంది. ఉత్తరం రాయవచ్చు. లేదా 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి అడగవచ్చు. ఏ కాగితాలు అడగాలి? చేరిన రోజు వైద్య పరీక్ష, సర్వీసులో ఆసుపత్రి కాగితాలు, గాయం తగిలి ఉంటే గాయం రిపోర్టు, చివరి బోర్డు కాగితం. నాలుగూ అడగాలి.

ఆలస్యం చేయవద్దు. కొన్నేళ్లు గడిచాక పాత దస్త్రాలను నియమం ప్రకారం తీసేస్తారు. అప్పుడు ఆఫీసులో ఉండదు, ఇంట్లో ఉంటేనే ఉంటుంది.

రెండో పని కొత్త పరీక్ష. పాత సైనికులకు, వాళ్ల భార్యలకు ఇ.సి.హెచ్.ఎస్. అనే వైద్య పథకం 2003 నుంచి ఉంది. కార్డు ఉంటే పాలీక్లినిక్‌లో చూపించుకోవచ్చు. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపుతారు. ఆయన రానన్నాడు. "ఇప్పుడు పరీక్ష ఎందుకు, ముసలాడినైపోయాను, చెవుడు వయసుది అంటారు" అన్నాడు. అక్క వినలేదు. సెలవు అడిగి తీసుకెళ్లింది.

పరీక్షలో చెవులకు గొట్టాలు పెట్టి సన్నటి శబ్దాలు వినిపిస్తారు. వినబడినప్పుడు చెయ్యెత్తాలి. ఫలితం గీతలాగా కాగితం మీద వస్తుంది. దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. ఫిరంగుల పక్కన, పెద్ద యంత్రాల పక్కన పనిచేసినవాళ్లకు ముందు సన్నటి శబ్దాలే పోతాయి. ఆ గీత చూస్తే అనుభవం ఉన్న డాక్టరుకు కొంత అర్థమవుతుంది. అందుకే పాత గీత, కొత్త గీత రెండూ ఉంటే మేలు.

పరీక్షకు వెళ్లేటప్పుడు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మగవాళ్లు, అందులోనూ సైన్యంలో పనిచేసినవాళ్లు, నొప్పి ఉందని చెప్పడం నామోషీ అనుకుంటారు. "ఏం లేదు సార్, బాగానే ఉంది" అంటారు. అది రాసేస్తారు. ఇంకొందరు ఫిల్మ్‌నగర్ పక్కనే ఉంది కదా అని కాస్త నటిస్తారు. అదీ పనికిరాదు. బెరా అని ఒక పరీక్ష ఉంది. తలకు తీగలు అంటిస్తారు. మనిషి నోరు విప్పకుండానే చెవి పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది. ఒకసారి అబద్ధం దొరికితే నిజం చెప్పినా నమ్మరు.

ఇంటి నుంచి బయల్దేరే ముందే అక్క ఆయన చేత ఒక చిన్న కాగితం రాయించింది. ఏ ఏడాది ఏం జరిగింది, ఎక్కడ చూపించాడు, ఇప్పుడు ఏ పని కష్టమవుతోంది. డాక్టరు గది ముందు కూర్చుంటే సగం మాటలు మరచిపోతాం. కాగితం మరచిపోదు. డాక్టరు రాసినదాని కింద సంతకం పెట్టమంటే, చదివించుకుని పెట్టాలి. తప్పు ఉంటే అక్కడే, అప్పుడే చెప్పాలి.

కాగితాలు దాచడం గురించి నాలుగు మాటలు. అసలు కాగితం ఎవరికీ ఇవ్వకూడదు, జిరాక్సు ఇవ్వాలి. ఇచ్చినదానికి రసీదు తీసుకోవాలి. ఇ.సి.జి. తీసిన నున్నటి కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. తీసిన రోజే జిరాక్సు తీయించాలి. ప్రైవేటు డాక్టరు చీటీ మీద పేరు, తేదీ, ముద్ర ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. కొందరు ముద్దుగా అన్నిటికీ ప్లాస్టిక్ అతికిస్తారు. అసలు కాగితాలకు అది వద్దు. వెనక వైపు ముద్ర వేయాల్సి వస్తే కుదరదు.

భార్య పేరు కూడా చూసుకోవాలి

అక్క పి.పి.ఓ. చదువుతూ ఒకచోట ఆగిపోయింది. తన పేరు ఉంది. కానీ పుట్టిన తేదీ ఆధార్ కార్డులో ఒకటి, ఇందులో ఒకటి. ఇది చిన్న తప్పులా కనబడుతుంది. ఆయన పోయిన తర్వాత కుటుంబ పింఛను కోసం వెళ్లినప్పుడు ఇదే కొండంత అవుతుంది. ఆయన ఉండగానే, ఆయన సంతకంతోనే సరిచేయించుకోవాలి.

ఇంకో సంగతి కూడా తెలియాలి. వైకల్య పింఛను ఆయన బతికున్నంత వరకే. ఆయనతోపాటే అదీ ఆగిపోతుంది. ఆయనకు రావలసిన బాకీ ఏమైనా ఉంటే అది వారసులకు వస్తుంది. మామూలు కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతం. కానీ సర్వీసు వల్ల వచ్చిన జబ్బుతో మరణించాడని ఒప్పుకుంటే ప్రత్యేక కుటుంబ పింఛను ఉంది, అది 60 శాతం. రెండింటి మధ్య తేడా సగానికి సగం. దానికి ఇంకా షరతులు ఉన్నాయి. అసలు సంగతి ఏమిటంటే ఆ జబ్బుకూ సర్వీసుకూ ఉన్న లంకె కాగితం మీద ముందే ఉండాలి. అప్పుడు వెతుక్కుంటూ పోయేది ఆయన కాదు, ఆమె.

పదమూడేళ్లు పోయాక ఇంకేం వస్తుంది?

అక్క మనసులో ఉన్న ప్రశ్న ఇదే. దీనికి 2008లో సుప్రీంకోర్టు ఒక జవాబు చెప్పింది. తర్సేమ్ సింగ్ అనే సైనికుణ్ణి 1983లో అనారోగ్యం వల్ల ఇంటికి పంపారు. ఆయన 1999లో గానీ కోర్టుకు వెళ్లలేదు. పదహారేళ్లు. పింఛను నెలనెలా రావలసినది, కాబట్టి ఆలస్యంగా వచ్చినా అడగవచ్చు అని కోర్టు అంది. కానీ పాత బాకీ మాత్రం కోర్టుకు వచ్చిన రోజుకు వెనక మూడేళ్లకే అంది. అంతకు ముందు ఏళ్లవి పోయినట్టే. ఆ లెక్కన అక్క ఇంట్లో గెలిచినా పదేళ్ల డబ్బు రాకపోవచ్చు. ఉత్తరం పెట్టెలో పడుకున్నందుకు ఇది ఖరీదు.

అప్పీలు ముందు సైన్యం అధికారులకే చేయాలి. వాళ్లు కాదంటే రెండో అప్పీలు ఉంది. అదీ కాకపోతే సైనిక దళాల ట్రిబ్యునల్ ఉంది, 2009 నుంచి పనిచేస్తోంది. తెలంగాణ, ఆంధ్ర వాళ్లకు చెన్నై బెంచి.

ఇప్పటికి సంగతి ఇక్కడిదాకా వచ్చింది. రికార్డు ఆఫీసు నుంచి నకళ్లు వచ్చాయి. చేరిన రోజు పరీక్షలో రెండు చెవులూ బాగున్నాయని రాసి ఉంది. 2003 చీటీ జిరాక్సు, కొత్త ఆడియోగ్రామ్, ఆ నకళ్లు అన్నీ పెట్టి, ఆలస్యానికి కారణం నిజంగా ఏం జరిగిందో అదే రాసి, అప్పీలు పంపారు. రిజిస్టరు పోస్టులో. రసీదును అక్క దేవుడి పటం వెనక దాచింది.

గోడ మీద క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ తనే సున్నా చుట్టింది. పక్కన తన చేతిరాతతో "పంపినాము" అని రాసింది. పోస్టుమాను వస్తే గేటు దగ్గర ఆయనకు ఇవ్వవద్దనీ, పైకి వచ్చి తనకే ఇవ్వమనీ చెప్పి ఉంచింది.